జావాలో ఏ ఆబ్జెక్టుకి ఏది తెలుసో ముందు చూడు

రేయ్ మామా,

కొత్త ప్రాజెక్టులో బోలెడు క్లాసులున్నాయి, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు అన్నావుగా. టెన్షన్ పడకు. మెథడ్ల లోపలికి ఇప్పుడే దూరకుండా, ఒక్కో క్లాసు తెరిచి ఫీల్డులు, అంటే ఆ క్లాసు తనలో దాచుకునే వేరియబుల్స్, మాత్రం చదువు, కాగితం మీద బాణాలు గీసుకో. టికెట్ క్లాసులో ట్రెయిన్ టైపు ఫీల్డు ఉంటే టికెట్ నుంచి ట్రెయిన్‌కి ఒక బాణం. ట్రెయిన్‌లో టికెట్ల లిస్టు లేదనుకో, అటు నుంచి ఇటు నేరుగా రాలేవు. రెఫరెన్సు, అంటే ఇంకో ఆబ్జెక్టుని చూపించే ఫీల్డు, ఉన్న వైపే దారి.

రెండు వైపులా ఫీల్డు పెట్టేస్తే పోలా అంటావేమో. పెట్టొచ్చు, కానీ టికెట్ రద్దయితే రెండు చోట్లా తీసెయ్యాలి, పైగా రెండింటి టూస్ట్రింగ్ (ఆబ్జెక్టుని అక్షరాల్లో చూపించే) మెథడ్లూ ఒకదాన్నొకటి అంతు లేకుండా పిలుచుకుంటూ పోతే, ఆ పిలుపులకి ఉన్న మెమరీ నిండిపోయి స్టాక్‌ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. నిజంగా అవసరమైతేనే పెట్టు.

ఇక ఎక్స్‌టెండ్స్, అంటే ఒక క్లాసు ఇంకో క్లాసు మెథడ్లని వారసత్వంగా తెచ్చుకోవడం. కుక్క ఒక జంతువు అని కాలేజీలో చెప్పి వదిలేశారు, అది అస్సలు చాలదు. 1996లో వచ్చిన మొదటి జావాలోనే స్టాక్ క్లాసుని వెక్టర్ (ఒక రకం లిస్టు) నుంచి ఎక్స్‌టెండ్ చేశారు. స్టాక్ అంటే పైన పెట్టాలి, పైనుంచే తియ్యాలి కదా? వెక్టర్ మెథడ్లన్నీ వచ్చి పడ్డాయి కాబట్టి ఇన్సర్ట్‌ఎలిమెంట్‌ఎట్‌తో అడుగున కూడా దూర్చెయ్యొచ్చు! ఇప్పటికీ అలాగే ఉంది. వెక్టర్‌ని లోపల ప్రైవేట్ ఫీల్డుగా దాచుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అందుకే నేను ముందు ఫీల్డు గురించే ఆలోచిస్తాను, ఎక్స్‌టెండ్స్ ఆ తర్వాతే.

నువ్వు పంపిన లైను, టికెట్ డాట్ గెట్‌ప్యాసింజర్ డాట్ గెట్‌అడ్రస్ డాట్ గెట్‌సిటీ, అందులో టికెట్, ప్యాసింజర్, అడ్రస్‌లలో ఏది నల్ (ఖాళీ, ఏ ఆబ్జెక్టూ లేదు) అయినా నల్‌పాయింటర్ ఎక్సెప్షనే. జావా 15 నుంచి ఏది నల్ అయిందో మెసేజ్‌లోనే చెబుతుంది, మీది జావా 8 కాబట్టి లైను నంబరుతోనే సరిపెట్టుకోవాలి. ప్రస్తుతానికి ముక్కలు చేసి వేరువేరు లైన్లలో రాయి. అసలైతే టికెట్‌నే ఊరు అడగాలి, లోపల అడ్రస్ ఉందన్న సంగతి నీ కోడ్‌కి ఎందుకు? 1987లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో పుట్టిన లా ఆఫ్ డిమీటర్ చెప్పేది ఇదే. స్ట్రీముల్లో (లిస్టులోని వాటిని మెట్టుమెట్టుగా వడపోసి మార్చే కోడ్‌లో) ఫిల్టర్, మ్యాప్ అని వరసగా డాట్లు వస్తాయే, వాటికి ఈ రూలు పెట్టకు, అలాగే ఉంచు, అక్కడ నువ్వు ఎవరి వంటింట్లోకీ దూరట్లేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి, పేమెంట్ క్లాసు సంగతి మాట్లాడదాం.