వార్షిక నివేదిక: కళ్లద్దాల పరీక్షకు ముందుగా సిద్ధమైన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనులలో వీధిదీపాల మరమ్మతు, కాలువల పూడికతీత వంటి వాటి వివరాలు జమాఖర్చుల పత్రంలో ఉన్నాయి. ఈ నివేదికను కళ్లద్దాల కోసం చేయించిన కంటి పరీక్షలకే కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది.

నెల్లూరులో మైపాడు రోడ్డు వైపున్న మన వీధులలో నగల పనివారు, దర్జీలు, ఆటో నడిపేవారు, విశ్రాంత ఉపాధ్యాయులు ఎక్కువ. అందరి బతుకుతెరువూ చూపు మీదే ఆధారపడి ఉన్నా, క్రితం ఏడాది ఒక శిబిరంలో ఇచ్చిన కళ్లద్దాలు చాలా ఇళ్లలో బీరువాలకే పరిమితమయ్యాయి. కారణం తెలుసుకోవడానికి కార్యవర్గ సభ్యులు ఇల్లిల్లూ తిరిగినప్పుడు మేము ఊహించని సంగతి బయటపడింది. ‘పరీక్ష’ అన్న మాట వినగానే మనవారిలో చాలామంది అందులో తప్పకూడదని అనుకున్నారు. వరుసలో ముందున్నవారు చదువుతుంటే విని అక్షరాలు గుర్తుపెట్టుకున్నవారు కొందరు, డాక్టరుగారిని విసిగించకూడదన్న మర్యాదతో ఏ అద్దం పెట్టినా ‘బాగుందండీ’ అన్నవారు మరికొందరు. ఆ జవాబులను బట్టి వచ్చిన పవర్ వారి కంటికి సరిపడలేదు. అందుకే ఈ ఏడాది ఆసుపత్రికి తీసుకువెళ్లే ముందే, సాయంత్రం వేళ సమావేశాలు పెట్టి, అక్కడ ఏమి జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ఒక నేత్ర పరీక్షకుని చేత సభ్యులకు వివరంగా చెప్పించాము.

మొదట దూరపు చూపు చూస్తారు. డచ్చి వైద్యుడు స్నెలెన్ 1862లో రూపొందించిన అక్షరాల పట్టికే నేటికీ దీనికి ఆధారం. ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, గది చిన్నదైతే అద్దంలో పట్టికను చూపించి, ఒక్కో కన్నూ మూసి చదివిస్తారు. కాగితం మీద 6/12 అని రాస్తే, మామూలు చూపున్నవారు పన్నెండు మీటర్ల నుంచి చదవగలిగిన వరుసను మీరు ఆరు మీటర్ల దూరానికి వస్తే గాని చదవలేకపోతున్నారని అర్థం. చదువు రానివారికి వేరే పట్టిక ఉంటుంది. అందులోని ‘E’ ఆకారపు గుర్తు కొమ్ములు ఏ వైపు తిరిగి ఉన్నాయో చేతితో చూపితే చాలు. కన్ను మూసుకునేటప్పుడు అరచేతితో గుడ్డును నొక్కరాదు, వేళ్ల సందుల్లోంచి చూడరాదు, కళ్లు చికిలించరాదు. సన్నని రంధ్రమున్న రేకును కంటి ముందు పెట్టినప్పుడు చూపు మెరుగుపడితే లోపం చాలావరకు అద్దాలతో సరిదిద్దదగినదేనని తెలుస్తుంది. మెరుగుపడకపోతే కంటిలో ఇంకేదైనా జబ్బు ఉందేమోనని వెతుకుతారు.

తరువాత గడ్డం ఆనించి ఒక యంత్రంలోకి చూడమంటారు. దారి చివర ఇల్లో, గాలిబుడగో కనిపించి, మసకబారి మళ్లీ స్పష్టమవుతుంది. ఆ యంత్రం ఇచ్చే చీటీయే పవర్ అని అనుకోవడం పొరపాటు, అది పరీక్షకు ఆరంభం మాత్రమే. అసలు నిర్ణయం బరువైన గుండ్రటి ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడిగేటప్పుడే జరుగుతుంది. అక్కడ మార్పు డయాప్టరులో (అద్దం పవర్‌ను కొలిచే ప్రమాణం) పావు వంతు చొప్పున ఉంటుంది కనుక రెండూ ఒకేలా అనిపించడంలో వింత లేదు. ‘తేడా తెలియడం లేదు’ అనడమే అప్పుడు సరైన జవాబు. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులలో ఏ వైపు అక్షరాలు నల్లగా ఉన్నాయని అడిగినప్పుడు కూడా కనిపించినదే చెప్పాలి.

నలభై దాటినవారికి దగ్గరి చూపు తగ్గే చత్వారం విషయంలో ఈ ఏడాది మేము నేర్చుకున్నది ఎక్కువ. దగ్గరి పవర్‌ను సాధారణంగా నలభై సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదివేవారిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. నగల పనివారు వస్తువును అంతకంటే చాలా దగ్గరగా పట్టుకుంటారు, కంప్యూటరు ముందు కూర్చునేవారు అంతకంటే దూరంగా ఉంటారు. మన సభ్యులలో ఒక పెద్దాయన తన పట్టకారును, తాను సరిచేస్తున్న ముక్కుపుడకను వెంట తీసుకువెళ్లి, పని చేసే భంగిమలోనే కూర్చుని చూపించారు. ఆయనకు పనికొక జత, చదువుకు ఒక జత అవసరమని తేలింది. అందుకే దర్జీలు సూదీ దారం తీసుకువెళ్లాలని మేము కోరుతున్నాము. రోడ్డు పక్కన దొరికే తయారు అద్దాలలో రెండు వైపులా ఒకే పవర్ ఉంటుంది, అందరి కళ్లూ ఒకేలా ఉండవు.

మధుమేహం ఉన్నవారు రక్తంలో చక్కెర అదుపులో ఉన్న రోజులలోనే పవర్ చూపించుకోవాలి. చక్కెర బాగా పెరిగినా, ఒక్కసారిగా తగ్గినా కంటి కటకం ఉబ్బు మారి పవర్ కూడా మారుతుంది. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాను చూడటానికి చుక్కల మందు వేస్తే కనుపాప విచ్చుకోవడానికి అరగంట దాకా పడుతుంది, ఆపైన కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోయి వెలుతురు భరించలేనట్టు ఉంటుంది. మన ఊరి ఎండలో ఇది చిన్న ఇబ్బంది కాదు. నల్లద్దాలో, గొడుగో తీసుకువెళ్లాలి, బండి నడపరాదు, తోడుగా ఒకరు ఉండాలి. కంట్లోకి గాలి ఊది కొలిచే కంటి లోపలి పీడనం సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. నీటికాసుల జబ్బును (గ్లకోమా) తొలి దశలో పసిగట్టే అవకాశం ఉన్నందున ఈ కొలతను ఎవరూ వద్దనరాదు.

పిల్లల సంగతి వేరు. ప్రపంచ దృష్టి దినోత్సవమైన 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ తొలి విడత బడిపిల్లలతోనే మొదలైంది. ఇళ్లలో మాత్రం ‘అంత చిన్నపిల్లకు అద్దాలా’ అన్న మాట ఇంకా వినిపిస్తోంది. పిల్లల కంటి కండరాలు బిగుసుకుని అసలు లోపాన్ని దాచగలవు కనుక వారికి చుక్కలు వేసి చూడటం తప్పనిసరి. ఒక కంటికి మాత్రమే లోపం ఉండి, దానిని సకాలంలో సరిదిద్దకపోతే ఆ కన్ను మందగిస్తుంది. పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు. ఆడపిల్లకు అద్దాలు వస్తే సంబంధాలు రావని పరీక్షకే పంపని ఇళ్లు మన కాలనీలో ఉండటం కార్యవర్గాన్ని బాధించింది.

అద్దాలు చేతికొచ్చాక నేల వంగినట్టో, మెట్టు ఎత్తు తప్పినట్టో మొదటి వారం, పది రోజులు అనిపించవచ్చు. రెండు పవర్‌ల అద్దాలు పెట్టుకున్నవారు మెట్లు దిగేటప్పుడు తల వంచి పైభాగంలోంచి చూడాలి. రెండు వారాలైనా తలనొప్పి తగ్గకపోతే అద్దాలను బీరువాలో పెట్టకుండా చీటీతో సహా తిరిగి చూపించుకోవాలి. పవర్ సరిగ్గా ఉన్నా అద్దం మధ్యభాగం కనుపాపకు ఎదురుగా కూర్చోకపోయి ఉండవచ్చు.

చుక్కలు వేయించుకునేంత సమయం లేదని మధ్యలో వెళ్లిపోయిన సభ్యుల పేర్లు సంఘ కార్యాలయంలో ఉన్నాయి. వారిని, మధుమేహం ఉన్న సభ్యులందరినీ దసరా సెలవులలోపు మళ్లీ తీసుకువెళ్లడానికి ఆటో ఖర్చు భరించే ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. వచ్చేవారు పాత కళ్లద్దాలు, పాత చీటీ, వాడుతున్న మందుల వివరాలు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి