హత్తీన్ బొమ్మలో వంపు కత్తులు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో 1187 నాటి హత్తీన్ యుద్ధం మీద వచ్చిన వ్యాసం బాగుంది. బొమ్మే తప్పు. ఆ యుద్ధంలో క్రూసేడర్ల (యూరప్ క్రైస్తవుల) సైన్యాన్ని ఓడించిన సుల్తాను సలాదిన్ సైనికులందరి చేతుల్లో నెలవంకలా వంగిన కత్తులు పెట్టారు. ఆ కాలంలో అరబ్బుల కత్తులు చాలావరకు తిన్ననివే. వంపు కత్తి మధ్య ఆసియా రౌతులది, పశ్చిమాసియాలో మామూలైంది తర్వాతే. అసలు ఆ రోజు ఎక్కువ పని చేసింది విల్లు, క్రూసేడర్ల దాహం. బాణాలు అయిపోకుండా 70 ఒంటెల మీద వేసి నిలబెట్టారని సలాదిన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ రాశాడు. బొమ్మలో ఒక్క ఒంటె లేదు.

నాకు గుచ్చుకున్నది మాత్రం బొమ్మ కింద కత్తుల గురించి వేసిన మాట: 'డమాస్కస్‌లో పుట్టిన ఉక్కు'. నాది వెల్డింగ్ షాపు, మా తాతది కొలిమి. మా ఊరు, ఒకప్పుడు ఉక్కు కరిగించిన కోనసముద్రానికి దగ్గర. అక్కడి దిబ్బల్లో ఇప్పటికీ మూస (ఉక్కు కరిగించే మట్టి పాత్ర) పెంకులు దొరుకుతాయి. మట్టిలో వరి ఊక కలిపి చేసినవి, కాలి నల్లబడ్డాయి, పైన గాజులా మెరుస్తాయి. నా టేబుల్ మీద ఒకటుంది.

అరబ్బీలో మేలైన కత్తిని 'ముహన్నద్' అనేవారు, అంటే హిందూదేశపు ఉక్కుది అని. 9వ శతాబ్దంలో అరబ్బు పండితుడు అల్ కిందీ కత్తుల మీద రాస్తూ సరందీబు (శ్రీలంక) ఉక్కు సంగతి కూడా చెప్పాడు. సలాదిన్ కత్తిలో ఉన్నది మా ఉక్కేనని నేననను, ఆధారం లేదు. కానీ 1820ల్లో కోనసముద్రం వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త వాయ్సీకి, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడు ఎదురయ్యాడు. ఊరికే అంత దూరం ఎవరొస్తారు?

డమాస్కస్ పనివాళ్లను తక్కువ చేయడం లేదు. మూసలో కరిగించిన ఈ ఉక్కు ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉన్న ముద్ద. తెల్లగా కాలిస్తే సుత్తె కింద పొడైపోతుంది, ఎర్రగా ఉన్నప్పుడే ఓపిగ్గా సాగదీయాలి. డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు అలా వచ్చినవే. నేను లారీ స్ప్రింగు ముక్కతో కొడవలి చేయడానికే రెండుసార్లు పాడుచేశాను. కానీ ముద్ద కరిగించినవాడి పేరూ రావాలి కదా.

వచ్చే వారం ఒక సవరణ వేయండి. బొమ్మ వేసినాయన ఇటువైపు వస్తే పెంకు చూపిస్తాను. షాపు ఆదివారం కూడా తీసే ఉంటుంది.

— ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా