నాయన కన్ను చూపించుకొచ్చాం, అందరికీ దండాలు

నిన్న సాయంత్రం పినాకిని రైల్లో వచ్చి కావలిలో దిగాం. నాయన కంట్లో ఉన్నది క్యాన్సర్ కాదు. వారం రోజులుగా ఫోన్ చేసి అడగని వాళ్లు లేరు, అందుకే ముందు ఆ మాట.

తెలియని వాళ్లకి చెప్తున్నా, పోయినేడాది నాయన మడమ కింద నల్లమచ్చ వస్తే ఆనెకాయ అనుకుని నెలల తరబడి ఏవేవో పూశాం, చివరికి ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేయించాం. మన ఛాయ వాళ్లకి ఈ జబ్బు వస్తే ఎక్కువగా అరికాల్లోనో గోరు కిందో వస్తుందని అప్పటిదాకా మాకు తెలియదు. మొన్న పండక్కి తలంటుతూ అమ్మ ఆయన తెల్లగుడ్డు మీద గోధుమరంగు చూసింది. "అక్కడికీ పాకిందా అబ్బయా?" అంది. నాకు నోట మాట రాలేదు.

మా బజారు కళ్లద్దాల షాపులో పనిచేసే చెల్లెలికి మొదటి దండం. టార్చి వేసి చూసి, "చర్మానికి మెలనోమా వచ్చిన మనిషికి పైపైన చూస్తే చాలదన్నా, చుక్కలు వేసి కంటి లోపల కూడా చూడాలి" అని పట్టుబట్టి, తనే ఫోన్ చేసి చెన్నైలో రెటీనా (కంటి లోపల వెనక ఉండే, చూపునిచ్చే పొర) డాక్టరు దగ్గర పేరు రాయించింది.

ఆ డాక్టరమ్మ నాయనకి కాగితం మీద కన్ను బొమ్మ గీసి మరీ చెప్పింది. చర్మానికి రంగునిచ్చే కణాలే కంట్లోనూ ఉంటాయంట, నల్లగుడ్డులోనూ, రెటీనా వెనక కోరాయిడ్ అనే పొరలోనూ. అందుకే పుట్టుమచ్చలు అక్కడా వస్తాయి. కంట్లో మెలనోమా చాలావరకు అక్కడే సొంతంగా పుడుతుందంట, చర్మం నుంచి కంటికి పాకడం అరుదంట. తెల్లగుడ్డు మీది రంగు రెండు కళ్లకీ ఉంది, చామనఛాయ వాళ్లలో అది మామూలేనంది. ఎడమకంటి లోపల మాత్రం మచ్చ ఉంది. స్క్రీన్ మీద చూపించింది, ఎర్రటి పొర మీద నువ్వుగింజంత బూడిదరంగు. స్కాన్‌లో మందం 2 మిల్లీమీటర్ల లోపే, నీరు చేరలేదు, పైన నారింజ రంగు లేదు, అంటే క్యాన్సర్ అనుమానం పెంచే గుర్తులు లేవన్నమాట. అయినా వదిలేయకూడదు, ఫొటో తీసి పెట్టాం, ఆరు నెలలకి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి పెరిగిందేమో చూస్తామంది.

చుక్కల దెబ్బకి వెలుతురు చూడలేక నాయన తువ్వాలు కప్పుకుని రైల్లో కూర్చున్నాడు, కానీ నెల్లూరు దాటేలోపు ఆ నువ్వుగింజ సంగతి పక్క సీటాయనకి పూర్తిగా వివరించేశాడు.

పోయేటప్పుడు స్టేషన్‌కి దించి రూపాయి తీసుకోని ఆటో అన్నా, ఆరు నెలలకి మళ్లీ నీ బండే, ఈసారి డబ్బులు తీసుకోవాలి.