మల్చింగ్ షీట్‌కి సబ్సిడీ ఇస్తారు సరే, తీసేటప్పుడు ఎవరొస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మన జిల్లా పేజీలో గట్టు మీద డ్రిప్ పైపులు, మల్చింగ్ షీట్లు (కలుపు రాకుండా సాళ్ళ మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు) కుప్పేసి కాలుస్తున్న ఫోటో వేసి రైతులకి అవగాహన లేదని రాసినారు. అవగాహన లేక కాదు సార్, తీసిందాన్ని యాడికి ఎత్తకపోవాలో చెప్పే మనిషి లేక. సేద్యంలోకి రాకముందు నేను పైపుల ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసినోన్ని, ఆ ప్లాస్టిక్ ఎట్ల పుడుతుందో కొంచెం తెలుసు కాబట్టి రాస్తున్నా. పొడుగైతే కట్ చేసుకోండి, కానీ చివర అడిగింది మాత్రం తీసేయొద్దు.

చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్ పైపు, కలింగర (పుచ్చకాయ) సాళ్ళకి పరిచే షీటు, పాల ప్యాకెట్టు, నీళ్ళ డ్రమ్ము, అన్నీ పాలిథిన్ జాతే. అన్నిటికీ మూలం ఇథిలీన్ గ్యాసు, అరటికాయలు మాగేసే ఛాంబర్లలో వదిలేది కూడా ఇదే. క్రూడాయిల్ నుంచి వచ్చే నాఫ్తా గానీ సహజవాయువులో ఉండే ఈథేన్ గానీ తీసుకొని, నీటి ఆవిరి కలిపి, 850 డిగ్రీల దగ్గర కాలే ఫర్నేసు గొట్టాల్లో సెకను కూడా ఉంచకుండా పంపించి టక్కున చల్లారుస్తారు, అప్పుడు పెద్ద అణువులు విరిగి ఇథిలీన్ వస్తుంది. అది ఒక్కటే రాదు, ప్రొపిలీన్, మీథేన్, హైడ్రోజన్ అన్నీ కలిసొస్తాయి, అందుకని అంతా కంప్రెస్ చేసి మైనస్ వంద డిగ్రీల దాకా చల్లబెట్టి ఒక్కోటి వేరు చేయాల. బెంగాల్లో హల్దియా ప్లాంట్ నాఫ్తా మీద, యూపీలో గెయిల్ వాళ్ళ పాతా ప్లాంట్ గ్యాస్ మీద నడుస్తాయి. ఇంత కష్టపడి తీసిన గ్యాసులో రవ్వంత తేమ మిగిలినా తర్వాతి స్టేజీలో కేటలిస్టు, అంటే రసాయన చర్యని నడిపించే పదార్థం, చచ్చిపోతుంది.

ఆ గ్యాసు అణువుల్ని వేలకి వేలు వరసగా గొలుసులా అతికిస్తే పాలిథిన్. 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు వేరే ప్రయోగం చేస్తుంటే పాత్రలో తెల్లగా మైనం లాంటిది కనపడింది, అదే మొదలు. 1939కి ఫ్యాక్టరీలో తయారీ మొదలుపెట్టి యుద్ధంలో రాడార్ కేబుళ్ళకి వాడుకున్నారు. ఆ పద్ధతిలో వెయ్యి నుంచి మూడు వేల అట్మాస్ఫియర్ల ప్రెజర్ కావాల, అన్ని టన్నుల ఉక్కు గొట్టాలు దానికే. పైగా ఒకసారి పోయిన గ్యాసులో మూడో వంతు కూడా మారడం కష్టం, మిగిలింది మళ్ళీ వెనక్కి తెచ్చి పంపాల్సిందే. 1953లో జర్మనీలో జీగ్లర్ అనే శాస్త్రవేత్త టైటానియం, అల్యూమినియం కలిసిన కేటలిస్టు కనిపెట్టినాక కొద్దిపాటి ప్రెజర్‌కే పని జరిగింది, అందుకు ఇటలీ శాస్త్రవేత్త నాట్టాతో కలిపి 1963లో నోబెల్ ఇచ్చినారు. అమెరికాలో ఫిలిప్స్ కంపెనీ వాళ్ళు క్రోమియంతో అంతకు రెండేళ్ళ ముందే దారి కనుక్కున్నారు గానీ జనానికి జీగ్లర్ పేరే గుర్తుంది.

తేడా ఏందంటే, ఎక్కువ ప్రెజర్లో చేసిందానికి గొలుసు నిండా అడ్డదిడ్డంగా కొమ్మలొస్తాయి, తుమ్మకంప కుప్పేసినట్టు దగ్గరికి ఒత్తుకోదు, అందుకే మెత్తగా సాగుతుంది, అది ఎల్‌డీపీఈ. కేటలిస్టుతో చేసింది జొన్నసొప్ప కట్ట మాదిరి తిన్నగా ఒత్తుగా పడుతుంది, గట్టిగా ఉంటుంది, అది హెచ్‌డీపీఈ, స్ప్రింక్లర్ పైపులు, డ్రమ్ములు దాంతోనే. మధ్యలో ఇథిలీన్‌కి కొంచెం బ్యూటీన్ లాంటిది కలిపి పొట్టి పొట్టి కొమ్మలు మాత్రమే వచ్చేట్టు చేసేది ఎల్‌ఎల్‌డీపీఈ, మన డ్రిప్ పైపు ఇదే. చివరికి అన్నీ తెల్ల గింజలై 25 కేజీల బస్తాల్లో లారీ ఎక్కుతాయి.

మా పని అక్కడ మొదలయ్యేది. గింజలు హాపర్లో పోసి రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్లపొడి) వచ్చేట్టు ఆ పొడి దట్టించిన నల్ల గింజలు, మాస్టర్‌బ్యాచ్ అంటారు, కలిపితే స్క్రూ తిరిగి 200 డిగ్రీల దగ్గర కరిగి డై (అచ్చు) లోంచి పైపుగా దిగుతుంది, నీళ్ళ తొట్టిలో చల్లారి చుట్టలు చుట్టుకుంటుంది. ఆ నలుపు అందానికి కాదు, అనంతపురం ఎండకి గొలుసులు తెగిపోకుండా. మల్చింగ్ షీటుకైతే గుండ్రటి డైలోంచి వచ్చేదాన్ని లోపల గాలి ఊది పైకి లాగి పల్చగా సాగదీస్తారు, ఎంత పల్చన అంటే 25, 30 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు.

అసలు సమస్య ఈడుంది. పాలిథిన్ని మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు, పాత డ్రిప్ పైపులు గుజిరీవాళ్ళు కేజీల లెక్కన కొంటారు కూడా, కొత్త డ్రిప్ పైపుకి పనికిరాకపోయినా తక్కువ రకం పైపులకి పోతుంది. అదే షీటైతే పంట అయిపోయేసరికి పీలికలు పీలికలు, ఎత్తుతుంటే చేతిలోనే చినుగుతుంది, సగం బరువు మట్టే, కడిగి ఆరబెట్టే ఖర్చుకి దాని రేటు సరిపోదు, అందుకే ఎవరూ ముట్టుకోరు. ఎకరాకి కూలోళ్ళని పెట్టి ఏరించి గట్టున వేస్తే ఎన్నాళ్ళు పెట్టుకుంటాడు రైతు? అగ్గిపుల్ల గీస్తాడు.

కాల్చడం మంచిదని అనట్లేదు. పాలిథిన్లో ఉండేది కార్బన్, హైడ్రోజనే, కానీ గట్టు మీద సరిగ్గా మండక మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. ఆ కుప్పలోనే మెయిన్ లైన్ పీవీసీ ముక్కలు కూడా పడేస్తారు, వాటిలో క్లోరిన్ ఉంటుంది, యాసిడ్ పొగ లేస్తుంది, డయాక్సిన్లనే విషాల భయమూ అక్కడే. దయచేసి పీవీసీ అయినా పక్కన పెట్టండి అని మా ఊళ్ళో చెప్తానే ఉన్నా.

ఇంకో విచిత్రం. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగు అమ్మకూడదు, అంగట్లో పట్టుకుంటే ఫైను. అదే 25 మైక్రాన్ల షీటు ఎకరాలకి ఎకరాలు పరచడానికి హార్టికల్చర్ వాళ్ళే సబ్సిడీ ఇస్తారు. ఇవ్వొద్దని కాదు, కలుపు తగ్గుతుంది, తడి నిలుస్తుంది, మా వానలకి అది చానా పెద్ద మాట. కానీ బిల్లు పాస్ చేసేటప్పుడు షీటు మందం చూసి, ఎత్తితే చినగని మందపు రకానికి ఎక్కువ సబ్సిడీ ఇవ్వొచ్చు కదా, అమ్మిన కంపెనీనే పంట అయినాక వెనక్కి తీసుకోవాలని రూల్ పెట్టొచ్చు కదా, రైతు సేవా కేంద్రాల దగ్గర సీజన్ చివర ఒక వారం తూకం వేసి కేజీకి ఎంతో కొంత ఇచ్చినా చాలు, కలింగర రైతులే ట్రాక్టర్లో తెచ్చి పడేస్తారు. దీని గురించి హార్టికల్చర్ ఆఫీసర్లని అడిగి వాళ్ళేమంటారో మీ పేపర్లో వేయండి.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
నార్పల మండలం, అనంతపురం జిల్లా