మెషీన్‌తో పాటు థెరపీకీ డబ్బు కేటాయించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వినికిడి లోపం ఉన్న పిల్లలకు, పెద్దలకు థెరపీ చేయడం నా ఉద్యోగం. సాయం చేసే పథకాలు చాలావరకు వినికిడి మెషీన్‌కో, ఆపరేషన్‌కో డబ్బిచ్చి అక్కడితో ఆగిపోతున్నాయి, అసలు పని మొదలయ్యేదే ఆ తర్వాత.

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం సంగతే తీసుకోండి. ఆపరేషన్ అయిన వెంటనే బిడ్డకు వినపడదు. గాయం మానాక, కొన్ని వారాలకు శబ్దాన్ని సంకేతాలుగా మార్చే బయటి ప్రాసెసర్ తగిలించి ఆన్ చేస్తారు. అప్పుడైనా అందేది ఎలక్ట్రోడ్ల నుంచి నరానికి వెళ్లే సంకేతాలే, వాటిలో ఏది అమ్మ గొంతో ఏది తలుపు చప్పుడో మెదడు కొత్తగా నేర్చుకోవాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులూ అందుతున్నాయో లేదో రోజూ చూసుకుంటూ, మ్యాపింగ్ (బిడ్డకు తగ్గట్టు ప్రాసెసర్‌లో సంకేతాల స్థాయిలు అమర్చడం) మళ్లీ మళ్లీ సరిచేయించుకుంటూ మాటల దాకా రావడానికి ఏళ్లు పట్టొచ్చు. బయటివాళ్లకు మేం బొమ్మలతో ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఆ ఆటలోనే వినడం, ఆగడం, బదులివ్వడం ఉంటాయి, తల్లిదండ్రులు పక్కన కూర్చుని నేర్చుకుని ఇంట్లో రోజంతా చేస్తేనే ఫలితం. వారానికి ఒక గంట నేను చేసేది ఏ మూలకూ చాలదు.

పెద్దవాళ్లదీ ఇదే కథ. వయసుతో వచ్చే లోపంలో మొదట తగ్గేది సన్నటి శబ్దాలు, అంటే స, ష లాంటివి. అందుకే 'వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు' అంటారు. ఇంట్లోవాళ్లు అరుస్తారు, అరిచినంత మాత్రాన మాట స్పష్టం కాదు, ఎదురుగా నిలబడి కాస్త నెమ్మదిగా చెబితే చాలా నయం. కొత్త మెషీన్ పెట్టుకోగానే ఫ్యాన్ చప్పుడు, గిన్నెల చప్పుడు ఒక్కసారిగా మీద పడితే విసుగొచ్చి తీసి పక్కన పెట్టేస్తారు. అలవాటు చేయించే మనిషి ఉంటే చాలామంది వాడతారు.

వినికిడి లోపం వల్ల సాయం అవసరమైనవాళ్లు ప్రపంచంలో 43 కోట్లకు పైగా ఉన్నారని, 2050 నాటికి 70 కోట్లు దాటుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. ఇంతమందికి మెషీన్లు పంచి చేతులు దులుపుకుంటే ఎలా?

పుట్టిన ప్రతి బిడ్డకూ నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలవ్వాలి. మెషీన్ మంజూరు చేసే కాగితంలోనే తర్వాతి థెరపీ, మ్యాపింగ్, పాడైన కేబుళ్లు, బ్యాటరీల ఖర్చు కూడా ఉండాలి. దూరం నుంచి రాలేనివాళ్లకు వీడియో కాల్‌లో చేసే సెషన్లకూ ఆ డబ్బు వర్తించేలా చూడాలి.

— ఒక స్పీచ్ థెరపిస్ట్