ఎత్తు పెంచే పౌడరు, నా కొలతల పుస్తకం

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీల్లో, పెళ్లి సంబంధాల కాలమ్ కింద, 'మూడు నెలల్లో మూడు అంగుళాలు' అని ఒక పౌడరు ప్రకటన వేశారు. డబ్బా మీద బొమ్మ మారింది, ఫోన్ నంబరు మారింది గానీ ఆ మాట మాత్రం 2022లో నేను చూసిందే. అప్పుడు నమ్మి డబ్బు కట్టినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

నేను నరసరావుపేటలో దర్జీని. ఇరవై రెండేళ్లుగా స్కూలు యూనిఫాంలు కుడుతున్నాను. జూన్ వస్తే పిల్లలు షాపు ముందు వరసగా నిలబడతారు. నేను టేపు పెట్టి కొలత చెబుతుంటే మా ఆవిడ పుస్తకంలో రాస్తుంది. ఎదిగే పిల్లల ప్యాంటుకు అడుగున రెండంగుళాల గుడ్డ లోపలికి వదిలి మడిచి కుడతాం. ఏడాది తిరిగేలోపు తల్లులు ఆ ప్యాంటు తెచ్చి 'కాస్త మడత విప్పి పెట్టన్నా' అంటారు.

మావాడి ప్యాంటుకు మడత విప్పే పని పడలేదు. మోకాళ్ల దగ్గర గుడ్డ చిరిగేది గానీ పొడవు సరిపోతూనే ఉండేది. పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. వాడికి ఎనిమిదేళ్లప్పుడు, 2021 జూన్‌లో ప్యాంటు పొడవు 26 అంగుళాలు. 2022లో 26 ముప్పావు. 2023లో 27 పావు. వాడి క్లాసే చదివే పక్కింటి పిల్లాడిది అదే రెండేళ్లలో 28 నుంచి 31కి పోయింది. రెండూ ఒకదాని కింద ఒకటి, మా ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి. ఊళ్లో పిల్లలందరినీ కొలిచేవాణ్ని, నా కొడుకు లెక్క చూసుకోలేదు. మా నాన్న పొట్టి, తాత పోలికలే అనుకున్నాం. పైగా వాడికి నిండు బుగ్గలు, చిన్న బొజ్జ. తిండికి లోటు లేదులే అని ధీమా.

స్కూలు ప్రోగ్రెస్ కార్డులో ఎత్తుకు ఒక గడి ఉంటుంది. అందులో రెండేళ్లు వరసగా 120 సెంటీమీటర్లు అని ఉంది. ఎవరు కొలిచారురా అంటే, 'కొలవలేదు నాన్నా, ఎంతని అడిగారు, కొంచెం పెంచి చెప్పాను' అన్నాడు.

అలాంటప్పుడు కంటపడింది మీ ప్రకటన. కోర్సు 2,800 రూపాయలు. పాలల్లో కలిపి రెండు పూటలా పట్టించాం. మూడు నెలలయ్యాక ఫోన్ చేస్తే 'బాడీ ఇప్పుడే సెట్ అవుతోంది, ఇంకో కోర్సు వాడండి' అన్నారు. వేలాడితే పొడుగవుతారని గుమ్మానికి ఇనుప రాడ్ కూడా బిగించాను. వాడి అరచేతులు బొబ్బలెక్కాయి. అలా రెండేళ్లు పోయాయి.

2024లో జ్వరమని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు వీణ్ని గోడకు నిలబెట్టి కొలిచారు. 118 సెంటీమీటర్లు. పదకొండేళ్ల పిల్లలు చాలామంది 140 దగ్గర ఉంటారని చెప్పి గుంటూరులో హార్మోన్ల డాక్టరమ్మకు చీటీ రాసిచ్చారు. ఆమె పాత ఎత్తులు ఏమైనా రాసి పెట్టారా అని అడిగారు. కొలతల పుస్తకాలు నాలుగూ బల్ల మీద పెట్టాను. ఒక్కో పేజీ తిప్పి చూసి ఆమె అన్న మాట: 'నాలుగేళ్లు దాటాక యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. మీవాడు మూడు కూడా సరిగ్గా పెరగట్లేదు. మీ టేపు రెండేళ్ల కిందటే చెప్పిందండీ.' ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

పొట్టిగా ఉన్న పిల్లలందరికీ గ్రోత్ హార్మోను, అంటే ఎదుగుదల హార్మోను, తక్కువని కాదట. ముందు థైరాయిడ్, రక్తం, గోధుమ పడుతుందో లేదో, అన్నీ చూశారు. తర్వాత ఆ గ్రోత్ హార్మోను పరీక్ష. ఇది ఒక్కసారి రక్తం తీస్తే తేలేది కాదు. ఆ హార్మోను మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి నుంచి ఉండుండి విడుదలవుతుంది, ఎక్కువగా గాఢ నిద్రలో. నిద్రలోనే పిల్లలు పెరుగుతారని మా అత్తగారు అంటే నవ్వేవాణ్ని! పరగడుపున ఒక మాత్ర వేసి, చేతికి సూది ఉంచి, అరగంటకోసారి రక్తం తీశారు. మాత్ర మత్తుకు వాడు నా ఒళ్లో తూలుతూ 'ఇంకెన్నిసార్లు నాన్నా' అని అడుగుతూనే ఉన్నాడు. తక్కువని తేలింది. స్కానింగులో గ్రంథి కూడా చిన్నదిగా ఉంది.

ఎడమ చేతి ఎక్స్‌రేను లైటు మీద పెట్టి డాక్టరమ్మ చూపించింది మాత్రం మర్చిపోలేను. ఎముకల చివర్ల దగ్గర సన్నటి నల్లగీతలున్నాయి. అవి ఖాళీలు కావు, మెత్తటి ఎముక పొరలట. గ్రోత్ హార్మోను లివర్‌కు చేరి ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోనును తయారు చేయిస్తుంది. ఆ రెండూ కలిసి ఈ పొరల్లో కణాలను పెంచుతాయి. అవి గట్టిపడి ఎముకవుతాయి, అలా పొడవు సాగుతుంది. నాకు వెంటనే మా ప్యాంటు మడత గుర్తొచ్చింది. కాకపోతే మేం వదిలిన గుడ్డ రెండంగుళాలతో సరి, ఈ పొర ఎప్పటికప్పుడు కొత్త గుడ్డ నేస్తూ ఉంటుంది. యుక్తవయసు ముగిసేసరికి, ఆడపిల్లలకు పద్నాలుగు పదిహేనేళ్లకు, మగపిల్లలకు పదహారు పదిహేడుకు, ఆ గీతలు మూసుకుపోతాయి. ఇక ఏ పౌడరూ, ఏ ఇంజెక్షనూ ఒక్క అంగుళం కలపలేదు. మావాడికి పదకొండేళ్లున్నా ఎముకల వయసు ఎనిమిదేనట, అంటే ఆ గీతలు మూసుకోవడానికి ఇంకా టైముంది. అదే మాకు మిగిలిన అదృష్టం.

తక్కువైన ఆ హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇవ్వాలి అనగానే మా అత్తగారు ఏ జంతువుది ఎక్కిస్తారోనని గోల చేశారు. 1985 వరకూ చనిపోయిన మనుషుల గ్రంథుల నుంచే తీసేవారని, దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చిందని, అందుకే అది ఆపేశారని, ఇప్పుడు ల్యాబులో బాక్టీరియాతో తయారు చేస్తారని డాక్టరమ్మ విడమరిచి చెప్పాక శాంతించారు.

రోజూ రాత్రి పడుకోబోయే ముందు, తొడకో పొట్టకో, వెంట్రుకంత సూది. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే. ఊరెళ్తే ఐసు డబ్బా చంకలో ఉండాల్సిందే. నా సంపాదనలో సగం దానికే పోతోంది. మూడు నెలలకోసారి ఎత్తు కొలుస్తారు, షుగర్, థైరాయిడ్ చూస్తారు. మోకాలు గానీ తుంటి గానీ నొప్పంటే వెంటనే రమ్మన్నారు. మొదటి ఏడాదిలో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరిగాడు. కిందటి దసరా సెలవుల్లో వాడి ప్యాంటు మడత మొదటిసారి విప్పాను. లోపలి గుడ్డ ముదురు రంగులో ఉండి పట్టీలా కనిపించింది. వేరే ప్యాంటు కుడతానంటే వద్దన్నాడు, అదే వేసుకుని బడికి పోయాడు.

సంగతి తెలిశాక షాపులో నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకావిడ తన పంతొమ్మిదేళ్ల కూతురికి సంబంధాలు తప్పిపోతున్నాయని ఆ ఇంజెక్షన్ పేరు అడిగింది. ఎక్స్‌రే గీతల సంగతి ఆవిడకు చెప్పడం నాకు చేతకాలేదు. మా బావమరిది కొడుకు జిమ్ కోసం అడిగాడు. వాణ్ని మాత్రం తిట్టాను. గీతలు మూసుకున్నాక ఆ హార్మోను ఎక్కువైతే ఎత్తు పెరగరు, చేతులు, పాదాలు, దవడ లావెక్కుతాయి, షుగర్ వస్తుంది.

నా దగ్గర కోటు కుట్టించుకునే లాయరు గారు చెప్పారు, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం ఫలానా వాటికి మందుందని ప్రకటనలు వేయకూడదట, ఆ జాబితాలో మనుషుల ఎత్తు కూడా ఉందట. డబ్బా మీద మందు అని రాయకుండా పౌడరు అని రాసేది అందుకేనేమో. మీ ప్రకటనల విభాగం వారికి ఈ సంగతి తెలియదనుకోను.

ఆ ప్రకటన ఆపండి. ఆ జాగాలో ప్రతి జూన్‌లో నాలుగు లైన్లు వేయండి: పిల్లాణ్ని చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, తలమీద అట్ట పెట్టి పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి, ఏడాదికి ఐదు సెంటీమీటర్లైనా పెరగకపోతే డాక్టరుకు చూపించండి అని. ప్రకటన డబ్బులు పోతాయంటారా, నా షాపు ప్రకటన కూడా అక్కడే వేసుకోండి. రేటెంతో చెబితే కడతాను.

ఇట్లు
ఒక దర్జీ,
నరసరావుపేట, పల్నాడు జిల్లా