ఆ కథ రాసినవారి పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో, సెలవుల్లో చూడదగిన కార్టూన్లను పరిచయం చేస్తూ రెమీ కథను 'జపాన్ కథ' అని రాశారు. బొమ్మలు జపాన్ వారివే, కథ మాత్రం ఫ్రెంచి నవలాకారుడు ఎక్తోర్ మాలోది. సవరణ ఇంతటితో అయిపోయేదే. కానీ ఆ పేరుతో పాటు మన పిల్లలకు అందకుండా పోతున్నది మరొకటి కూడా ఉన్నందువల్ల కాస్త వివరంగా రాస్తున్నాను.

మాలో 1830లో రువాన్ నగరానికి దగ్గర్లో, సేన్ నది ఒడ్డునున్న లా బూయ్ అనే ఊళ్లో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, దాన్ని వదిలి రచనలోకి వచ్చారు. పెద్దల కోసం ఎన్నో నవలలు రాసినా ఆయన పేరు నిలిపింది 1878లో వచ్చిన ఈ రెమీ కథ, 'సాన్ ఫామీయ్'. మన మాటల్లో 'నా అన్నవాళ్లు లేనివాడు' అనుకోవచ్చు. జపాన్‌లో దీన్ని 1977లో ఒసాము దెజాకి దర్శకత్వంలో 51 భాగాల ధారావాహికగా తీశారు. 1996లో నిప్పాన్ యానిమేషన్ సంస్థ మళ్లీ తీసినప్పుడు రెమీని ఏకంగా అమ్మాయిని చేసేశారు. మా మనవరాలు ఫోన్‌లో చూసింది ఈ రెండోదే. పుస్తకంలో రెమీ అబ్బాయని చెప్పినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకు కొన్న పాత ఇంగ్లీషు అనువాదంలోంచి రోజూ కొన్ని పేజీలు దానికి తెలుగులో చెబుతున్నాను. పెంచిన తల్లికి తెలియకుండా, వీధుల్లో జంతువులను ఆడించే విటాలిస్ అనే ముసలాయనకు ఆమె భర్త రెమీని అప్పగించే ఘట్టం ఉంది. విటాలిస్ బల్ల మీద ఐదు ఫ్రాంకుల నాణేలు ఎనిమిది వరసగా పేర్చడం, అవి రెప్పపాటులో అవతలివాడి జేబులోకి పోవడం, అంతే. మాలో అక్కడ ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చరు. ఆ తరువాత అదే విటాలిస్ దారిలో దొరికిన చెక్కను ముక్కలుగా కోసి, వాటి మీద అక్షరాలు చెక్కి, పిల్లవాడికీ, కాపీ అనే కుక్కకూ కలిపి చదువు మొదలుపెడతాడు. మొదట్లో రెమీయే ముందుంటాడు, కానీ నేర్చినది గుర్తుపెట్టుకోవడంలో కుక్కే మిన్న. రెమీ తప్పు చేసినప్పుడల్లా, అతనికన్నా ముందు కాపీయే చదువుతుందని విటాలిస్ అంటుంటాడు. ఆ ఉక్రోషంతోనే రెమీ చదవడం నేర్చుకుంటాడు. ఇది విన్నాక మా మనవరాలు అట్టముక్కల మీద అ, ఆలు రాసి మా వీధికుక్క ముందు పరిచింది. అది వాసన చూసి వెళ్లిపోయింది.

పాతబస్తీలో గాజులు చేసే గదుల్లోంచి పొరుగు రాష్ట్రాల పిల్లలను విడిపించిన వార్తలు మీ పత్రికలోనే చదివినవాణ్ణి. కన్నవారి చేతిలో కొంత సొమ్ము పెట్టి పిల్లవాణ్ణి తీసుకుపోయే ఆ పద్ధతికీ, బల్ల మీది ఆ ఎనిమిది నాణేలకూ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది మాలో రాసిన మరో పుస్తకం గురించి. 1893లో వచ్చిన 'ఆన్ ఫామీయ్', అంటే 'అయినవాళ్ల మధ్య', మనకు మరీ దగ్గరిది. ఫ్రాన్స్‌లో పెద్ద నేత మిల్లు యజమాని కొడుకు జనపనార కొనుగోలు కోసం ఇండియా వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని తండ్రి కోపానికి గురవుతాడు. వారి కూతురు పెరీన్ తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని, కాలినడకన తాత ఊరు చేరి, తానెవరో చెప్పకుండా, మారుపేరుతో ఆయన మిల్లులోనే కూలిపనికి కుదురుతుంది. పనివాళ్లు పడుకునే గదిలో గాలి ఆడక చెరువు మధ్య గుడిసెలోకి మారి, రెల్లుతో చెప్పులు తానే అల్లుకుంటుంది. తల్లి వల్ల వచ్చిన ఇంగ్లీషే చివరకు ఆమెను చూపులేని తాత పక్కకు చేరుస్తుంది. జపాన్ వారు దీన్ని 1978 జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు, ఆ ఏడాది వచ్చిన 53 ఆదివారాలూ ప్రసారం చేశారు. నవల పారిస్ పొలిమేరలో మొదలైతే, వారు బోస్నియా నుంచి సాగిన ప్రయాణమంతా కల్పించి చేర్చారు. అది నాకు నచ్చింది కూడా. తల్లీకూతుళ్లు బండి మీద తిరుగుతూ ఫొటోలు తీసి పొట్టపోసుకోవడాన్ని మాలో నాలుగు మాటల్లో దాటేశారు. ఇండియా నుంచి వెళ్లిన తల్లి కథ జపాన్ పిల్లలకు ఏడాది పొడవునా అందింది. మన పిల్లలకు అది మాలో పేరుతో, తెలుగులో అందాలన్నదే నా కోరిక.

మాలో 1907లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి కనుక ఎవరి అనుమతీ, రుసుమూ అక్కరలేదు. ఇంగ్లీషు సంక్షిప్త ప్రతి నుంచి కాకుండా ఫ్రెంచి మూలం నుంచే చేయించడం మేలు. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి చదువుకునే తెలుగు విద్యార్థులను అడగవచ్చు. పెరీన్ కథ మొదట అచ్చయింది కూడా పారిస్ దినపత్రికలో ధారావాహికగానే. మీ ఆదివారం పేజీలో వారానికి అరపేజీ కేటాయించినా సరిపోతుంది. అచ్చుతప్పులు దిద్దిపెట్టే పని నాకు అప్పగిస్తే జీతం లేకుండా చేస్తాను.

ధారావాహికకు వ్యవధి పట్టినా సవరణ మాత్రం వచ్చే ఆదివారమే వేయండి. మా మనవరాలు ఆ పేజీ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది. 'జపాన్ కథ' అన్నచోట నేను పెన్నుతో కొట్టేసి మాలో పేరు రాస్తే, పేపర్లో వచ్చేదాకా నమ్మనంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్